చాపు, అంబర్, మలిక్: మూడు పేర్లతో బతికిన హబ్షీ సేనాని కథ

1617లో డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడలు రెండు సూరత్‌కు దక్షిణాన గుజరాత్ తీరానికి కొట్టుకొచ్చి, మళ్లీ సముద్రంలోకి వెళ్లలేని స్థితికి చేరాయి. వాటిలో వచ్చిన వర్తకుడు పీటర్ వాన్ డెన్ బ్రూకెకు ఒక్క దారే మిగిలింది. తన మనుషులను వెంటేసుకుని, సూరత్ నుంచి దక్కన్ మీదుగా మచిలీపట్నం దాకా నేల మీద ప్రయాణం చేయడం. మచిలీపట్నంలో అప్పటికే డచ్చివాళ్ల వర్తక స్థావరం ఉంది.

ఆ దారిలో ఆయన ఒక సైనిక శిబిరంలో ఆగారు. అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపిస్తున్న వృద్ధ సేనానిని కలిశారు. పొడగరి, బలిష్ఠుడు, నల్లటి మనిషి. ఆయనను జనం పిలిచే పేరు మలిక్ అంబర్. కానీ వాన్ డెన్ బ్రూకె తన రాతల్లో ఇంకో పేరు కూడా నమోదు చేశారు. చాపు. ఇథియోపియాలో ఆ సేనాని చిన్నప్పటి పేరు అది.

సూరత్ నుంచి మచిలీపట్నం వెళ్తున్న ఒక పరదేశి వర్తకుడు దారిలో రాసుకోవడం వల్ల ఆ పేరు మనదాకా వచ్చింది. లేకపోతే దక్కన్ చరిత్రలో ఇంత పెద్ద మనిషికి తల్లిదండ్రులు ఏం పేరు పెట్టారో కూడా మనకు తెలిసేది కాదేమో. యజమానులు పెట్టిన పేర్లు, సుల్తానులు ఇచ్చిన బిరుదులు మాత్రమే మిగిలేవి.

పరిమళాల పేర్లు ఎందుకు పెట్టేవారు?

చాపు 1548 ప్రాంతంలో పుట్టాడు. ఇథియోపియా దక్షిణాన ఉన్న కంబాటా ప్రాంతమని కొందరు, తూర్పున ఉన్న హరార్ అని కొందరు చరిత్రకారులు చెబుతారు. చిన్నతనంలోనే బానిసల వ్యాపారుల చేతికి చిక్కాడు. పేదరికం వల్ల తల్లిదండ్రులే అమ్మేశారని ఒక కథనం ఉంది. ఎర్ర సముద్రం దాటించి యెమెన్‌లోని మోఖా రేవులో అమ్మారు. అక్కడి నుంచి చేతులు మారుతూ బాగ్దాద్ చేరాడు.

బాగ్దాద్‌లో మీర్ ఖాసిం అనే వర్తకుడు అతణ్ని కొన్నాడు. పిల్లాడిలో చురుకుదనం చూసి చదువు చెప్పించాడు. లెక్కలు, వ్యవహారం నేర్పించాడు. ఇస్లాంలోకి మార్చాడు. అంబర్ అని కొత్త పేరు పెట్టాడు.

తెలుగు చెవికి అంబర్ అనగానే అంబరం, ఆకాశం గుర్తొస్తాయి. ఈ మాటకు దానితో సంబంధం లేదు. అరబ్బీలో అంబర్ అంటే తిమింగలం పేగుల్లో తయారై, సముద్రం మీద తేలుతూ ఒడ్డుకు కొట్టుకొచ్చే పరిమళ ద్రవ్యం. అత్తరు వ్యాపారంలో దానికి చాలా ఎక్కువ ధర.

ఇది ఒక్క అంబర్ కథే కాదు. ఆ కాలంలో అరబ్బు, పర్షియన్ ప్రపంచంలో బానిసలకు ఇలాంటి పేర్లు పెట్టడం ఆనవాయితీ. యాకూత్ అంటే కెంపు. కాఫూర్ అంటే కర్పూరం. మిష్క్ అంటే కస్తూరి. సందల్ అంటే గంధం. అన్నీ విలువైన సరుకులే. కొన్న మనిషిని కూడా ఆ సరుకుల వరుసలోనే చేర్చడం అన్నమాట. పేరు వింటే ముద్దుగా ఉంటుంది. ఆ మనిషి తండ్రి ఎవరో, ఊరేదో, తెగ ఏదో మాత్రం అందులో ఉండదు.

ఈ పేర్లు తెలుగువారికి కొత్తవేం కావు. 1309-10లో ఓరుగల్లును ముట్టడించి, ప్రతాపరుద్రుడి నుంచి కప్పం పట్టుకెళ్లిన మాలిక్ కాఫర్ పేరు మన చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఆయన ఆఫ్రికన్ కాదు. 1299లో గుజరాత్‌లోని ఖంభాత్ రేవులో ఖిల్జీ సైన్యానికి దొరికిన బానిస. కర్పూరం పేరే ఆయనకూ పెట్టారు. రజియా సుల్తానా ఆస్థానంలోని హబ్షీ అధికారి యాకూత్ పేరు కెంపు. హైదరాబాద్ పురానాపూల్ దగ్గరున్న మియాఁ మిష్క్ మసీదును కట్టించింది కుతుబ్‌షాహీల దగ్గర పనిచేసిన హబ్షీ అధికారి. ఆయన పేరు కస్తూరి.

హబ్షీ అన్న మాట అబిసీనియా, అంటే ఇథియోపియా నుంచి వచ్చినవారికి అరబ్బులు వాడిన పదం. హైదరాబాద్‌లోని హబ్సిగూడ ఆ పేరుతోనే వచ్చిందని చెబుతారు.

అహ్మద్‌నగర్‌లో మరో బానిస చేతికి

1570ల మొదట్లో అంబర్ దక్కన్ చేరారు. అహ్మద్‌నగర్ నిజాంషాహీ రాజ్యంలో పీష్వాగా, అంటే ప్రధాన మంత్రిగా ఉన్న చెంగిజ్ ఖాన్ ఆయనను కొన్నారు. మంగోల్ చక్రవర్తి పేరున్న ఈ చెంగిజ్ ఖాన్ కూడా ఒకప్పుడు బానిసగా వచ్చిన హబ్షీయే. ఆయన కింద వెయ్యి మంది దాకా హబ్షీ సైనికులు ఉండేవారు.

అమెరికా తోటల్లోని బానిసత్వానికీ, దక్కన్‌లోని ఈ బానిసత్వానికీ తేడా ఇక్కడ కనిపిస్తుంది. దక్కన్ సుల్తానులు బానిసలను ఎక్కువగా పొలాల్లో పని కోసం కాక, సైన్యం కోసం, కొలువు కోసం కొనేవారు. ఇక్కడ బంధువులు లేని మనిషికి యజమాని తప్ప వేరే పక్షం ఉండదని వారి నమ్మకం. అలా వచ్చినవాళ్లు యజమాని పోయాక స్వేచ్ఛ పొంది, సొంతంగా గుర్రాలు, మనుషులు కూడగట్టుకుని సర్దార్లు అయ్యేవారు. వారి పిల్లలు బానిసలు కారు. అంతమాత్రాన ఇది దయగల బానిసత్వం అనుకోవడానికి లేదు. మోఖా రేవులో అమ్ముడుపోయిన పిల్లల్లో ఎంతమంది సర్దార్లు అయ్యారు, ఎంతమంది అనామకంగా పోయారు అన్న లెక్క ఎవరూ రాయలేదు.

రాజ్యం నడపడం ఎలాగో అంబర్ చెంగిజ్ ఖాన్ దగ్గరే చూసి నేర్చుకున్నారు. కొన్నేళ్లకే చెంగిజ్ ఖాన్ చనిపోయారు. ఆయన భార్య అంబర్‌కు స్వేచ్ఛ ఇచ్చారు. తర్వాత ఇరవై ఏళ్లు అంబర్ కిరాయి సైనికుడిగా దక్కన్ రాజ్యాలు తిరిగారు. బిజాపూర్‌లో పనిచేసినప్పుడు అక్కడి సుల్తాన్ ఆయనకు మలిక్ అనే బిరుదు ఇచ్చారు.

మలిక్ అంటే అరబ్బీలో రాజు, ప్రభువు. మనం ఉర్దూ నుంచి తెచ్చుకుని యజమాని అన్న అర్థంలో వాడే మాలిక్ కూడా అదే ధాతువు నుంచి పుట్టిందే. కొనుక్కున్నవాడు పెట్టిన పేరుకు ముందు ప్రభువు అన్న మాట వచ్చి చేరింది. అప్పటి నుంచి ఆయన మలిక్ అంబర్.

150 మందితో మొదలు

1595 ప్రాంతంలో మలిక్ అంబర్ సుమారు 150 మంది రౌతులతో అహ్మద్‌నగర్ తిరిగొచ్చారు. అప్పటికి అక్బర్ సేనలు ఆ రాజ్యం మీద పడ్డాయి. కోటను కాపాడిన చాంద్ బీబీ సొంత మనుషుల చేతుల్లోనే హతమయ్యారు. 1600లో అహ్మద్‌నగర్ కోట మొఘలుల వశమైంది.

రాజధాని పోయింది, సుల్తాన్ బందీ అయ్యాడు. ఢిల్లీ, ఆగ్రాల లెక్కలో నిజాంషాహీ కథ అక్కడితో ముగిసింది. మలిక్ అంబర్ మాత్రం నిజాంషాహీ వంశానికి చెందిన ఒక యువకుణ్ని వెతికి పట్టుకొచ్చి, పరండా కోటలో రెండో ముర్తజా నిజాంషాగా సింహాసనం మీద కూర్చోబెట్టారు. తన కూతురినిచ్చి పెళ్లి చేశారు. తాను పీష్వా అయ్యారు.

ఆ తర్వాత పాతికేళ్లపాటు మొఘల్ సామ్రాజ్యం ఆయనను లొంగదీయలేకపోయింది.

ఎందుకు లొంగదీయలేకపోయింది? మొఘలులకు భారీ ఫిరంగులు, ఏనుగులు, లెక్కలేనంత సైన్యం ఉండేవి. మైదానంలో ఎదురుపడితే గెలుపు వారిదే. అందుకే అంబర్ వీలైనంతవరకూ మైదానంలో ఎదురుపడలేదు. కొండలు, లోయలు, రాత్రులు ఎంచుకున్నారు. తేలికపాటి గుర్రాల మీద తిరిగే మరాఠా రౌతులను వేల సంఖ్యలో చేర్చుకున్నారు. శత్రువు ధాన్యం బండ్లను దోచడం, పశువుల మేత తగలబెట్టడం, నీటి దారులు మూసేయడం, వెంటబడితే మాయమవడం ఆ సైన్యం పద్ధతి. శివాజీ తాత మాలోజీ భోంస్లే, తండ్రి షాహాజీ ఇద్దరూ నిజాంషాహీ సర్దార్లే. శివాజీ ఆస్థానంలో రాసిన శివభారతం కావ్యం కూడా అంబర్‌ను గౌరవంగానే ప్రస్తావిస్తుంది.

సూరత్‌ ప్రాంతం ఈ యుద్ధరీతిని ముందుగా చవిచూసింది. 1664, 1670లలో శివాజీ సూరత్‌ను కొల్లగొట్టిన సంగతి అందరికీ తెలుసు. అంతకు అర్ధ శతాబ్దం ముందే, 1609లో, మలిక్ అంబర్ సుమారు 50 వేల రౌతులతో గుజరాత్‌లోకి చొరబడి సూరత్, బరోడా ప్రాంతాలను దోచుకుని, వచ్చినంత వేగంగా వెనక్కి వెళ్లిపోయారు. మళ్లీ అలాంటి దాడి జరగకుండా మొఘలులు దక్కన్ సరిహద్దులో 25 వేల మందిని కొన్నేళ్లపాటు కాపలా ఉంచాల్సి వచ్చింది. సూరత్ అప్పట్లో మొఘలుల ప్రధాన రేవు. హజ్ యాత్రికుల ఓడలు, వెండి, గుర్రాలు అన్నీ అక్కడి నుంచే. దానికి దెబ్బ తగిలితే ఆగ్రాకు నొప్పి తెలుస్తుంది.

కాగితం మీద ఎగిరిన తల

జహంగీర్ చక్రవర్తికి మలిక్ అంబర్ మీద ఉన్న కోపం ఆయన ఆత్మకథలో దాచుకోలేదు. రంగును, పుట్టుకను కించపరిచే విశేషణం లేకుండా అంబర్ పేరు రాయడం అరుదు. 1616 ప్రాంతంలో ఆస్థాన చిత్రకారుడు అబుల్ హసన్ ఒక బొమ్మ గీశారు. అందులో జహంగీర్ భూగోళం మీద నిలబడి, ఈటెకు గుచ్చిన మలిక్ అంబర్ తల మీదికి బాణం వేస్తుంటారు. ఆ బొమ్మ ఇప్పుడు డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ లైబ్రరీలో ఉంది.

నిజానికి వాళ్లిద్దరూ ఎన్నడూ యుద్ధభూమిలో ఎదురుపడలేదు. అంబర్ తల ఎవరికీ దొరకలేదు. యుద్ధంలో కుదరనిది చక్రవర్తి బొమ్మలో తీర్చుకున్నారు.

ఈ చిన్నచూపు మొఘలులకే పరిమితం కాదు, సొంత కొలువులోనూ ఉండేది. ముర్తజా నిజాంషాకు పర్షియన్ మూలాలున్న మరో భార్య ఉండేది. ఆమె మలిక్ అంబర్ కూతురిని బానిస బిడ్డ అని దెప్పిందని, అది పెద్ద గొడవకు దారితీసిందని ఒక కథనం. 1610లో ముర్తజా, ఆ భార్య విషప్రయోగంతో చనిపోయారు. దాని వెనుక ఉన్నది అంబరేనని చరిత్రకారులు రాస్తారు. వెంటనే అయిదేళ్ల పిల్లాడిని మూడో బుర్హాన్ నిజాంషాగా గద్దెనెక్కించారు. అంతకుముందు తన ప్రత్యర్థి రాజు దక్ఖనీని బంధించి మరణశిక్ష వేయించిందీ ఆయనే. బానిసత్వం అనుభవించినవాడు కాబట్టి మెత్తని మనిషి అయి ఉంటాడని ఊహించుకుంటే పొరపాటు. రాజులను నిలబెట్టారు, అడ్డమైతే తప్పించారు.

ఊరికీ నాలుగు పేర్లు

1610లో ఖడ్కీ అనే చిన్న ఊరి దగ్గర మలిక్ అంబర్ కొత్త నగరం కట్టడం మొదలుపెట్టారు. నీళ్లు తక్కువ ఉన్న చోటు. దగ్గర్లోని కొండల్లో ఊటలను, భూగర్భ జలాలను పట్టి, భూమి కింద కాలువలు తవ్వించి, గొట్టాల ద్వారా ఊళ్లోకి నీళ్లు తెచ్చారు. నహర్-ఎ-అంబరీ అని దానికి పేరు. పంపులు లేవు, నేల వాలు మీదే నీళ్లు నడిచేవి. కొన్ని వందల ఏళ్లు ఆ కాలువలు నగరానికి నీళ్లిచ్చాయి.

రైతు దగ్గర శిస్తు వసూలును కూడా మార్చారు. అక్బర్ మంత్రి తోడర్‌మల్ పద్ధతిని పోలిన ఏర్పాటు అది. మధ్య దళారీకి గుత్తకు ఇచ్చి, వాడు ఎంత పిండుకుంటే అంత అన్న పాత పద్ధతి తీసేసి, సాగైన భూమిని, పండిన పంటను చూసి శిస్తు నిర్ణయించారు. యుద్ధం మీద యుద్ధం చేస్తున్నా ఖజానా ఎండిపోకపోవడానికి ఇదొక కారణం.

1616లో మొఘలులు జాల్నా దగ్గర రోషన్‌గావ్‌లో అంబర్‌ను ఓడించారు. ఖడ్కీని తగలబెట్టారు. ఆయన మళ్లీ కట్టారు. వాన్ డెన్ బ్రూకె ఆయనను కలిసింది ఆ మరుసటి ఏడాదే. 1624లో మొఘల్, బిజాపూర్ సేనలు కలిసి వచ్చాయి. అహ్మద్‌నగర్ దగ్గర భాత్వడి వద్ద చెరువు కట్ట తెంచి, శత్రువు శిబిరాన్ని బురదలో ముంచి, అంబర్ ఆ రెండు సైన్యాలనూ చిత్తుగా ఓడించారు. అప్పటికి ఆయన వయసు 76 ఏళ్ల దాకా ఉంటుంది. షాహాజీ ఆ యుద్ధంలో ఆయన పక్షాన పోరాడారు.

1626 మేలో మలిక్ అంబర్ చనిపోయారు. మొఘల్ చరిత్రకారుడు మోతమిద్ ఖాన్, శత్రువు అయినా సరే, యుద్ధంలోనూ పాలనలోనూ ఆయనకు సాటి లేరని రాయక తప్పలేదు. ఖుల్దాబాద్‌లో ఆయన సమాధి ఉంది. దగ్గర్లోనే భార్య బీబీ కరీమా సమాధి.

ఆయన కట్టిన నగరం పేరు కూడా ఆయనలాగే మారుతూ వచ్చింది. కొడుకు ఫతే ఖాన్ తన పేరు మీద ఫతేనగర్ అన్నాడు. ఔరంగజేబు వచ్చాక ఔరంగాబాద్ అయింది. 2023లో ఛత్రపతి సంభాజీనగర్ అయింది. ఎవరు ఏలితే వారు పేరు పెట్టారు. కట్టిన మనిషి పేరు మాత్రం నగరానికి ఎన్నడూ లేదు, నీటి కాలువకు మిగిలింది.

ఫతే ఖాన్ తండ్రి రాజ్యాన్ని నిలబెట్టలేకపోయాడు. 1633లో దౌలతాబాద్ కోటను మొఘలులకు అప్పగించాడు. 1636 నాటికి నిజాంషాహీ ముగిసిపోయింది. మలిక్ అంబర్ రెండో కొడుకు పేరు చెంగిజ్ ఖాన్. ఒకప్పుడు తనను కొన్న యజమాని పేరునే అంబర్ తన బిడ్డకు పెట్టుకున్నారు. చాపు అన్న పేరు ఏ కొడుక్కీ పెట్టలేదు. కృతజ్ఞత కావచ్చు, దక్కన్ కొలువులో గౌరవం తెచ్చే పేరు అని కావచ్చు. ఆయన కారణం చెప్పలేదు.

సూరత్ పక్కన కెంపు నవాబులు

అంబర్ తర్వాత కూడా పశ్చిమ తీరంలో హబ్షీల అధికారం కొనసాగింది. జంజీరా దీవి కోటలోని సిద్దీలు మొఘల్ నౌకాదళానికి నాయకులయ్యారు. సూరత్ రేవు ఆదాయం నుంచి వారికి ఏటా సొమ్ము ముట్టేది. 1759లో ఇంగ్లీషువాళ్లు స్వాధీనం చేసుకునే వరకూ సూరత్ కోట సిద్దీల చేతిలోనే ఉంది.

1791లో జంజీరా వారసుడొకరు తన హక్కు వదులుకుని, బదులుగా సూరత్ పక్కన ఒక చిన్న సంస్థానం పొందారు. దాని పేరు సచిన్. క్రికెటర్ కాదు, ఊరు. అక్కడి నవాబులు తమ పేర్లలో యాకూత్ ఖాన్ అని చేర్చుకునేవారు. యాకూత్, అంటే కెంపు. బానిసకు పెట్టే పేరు నవాబు బిరుదుగా మారింది. 1948లో ఆ సంస్థానం బొంబాయి రాష్ట్రంలో కలిసింది. ఇవాళ సచిన్ అంటే సూరత్ శివార్లలో ఒక రైల్వే స్టేషను, ఒక పారిశ్రామికవాడ. తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు లింబాయత్ లాంటి వాడల్లో స్థిరపడి మగ్గాలు నడిపే నగరం ఇదే. ఈ ఊరి పక్కన ఒక ఆఫ్రికన్ వంశం దాదాపు 150 ఏళ్లు ఏలిందని వారిలో ఎందరికి తెలుసు?

అమెరికాలో మలిక్

అట్లాంటిక్ అవతల కూడా యజమానులే పేర్లు పెట్టారు. అక్కడ పరిమళాల బదులు రోమన్ పేర్లు. సీజర్, పాంపీ, కేటో. పొలంలో పత్తి ఏరే మనిషికి చక్రవర్తి పేరు పెట్టి పిలవడంలో వెటకారం ఉంది. అలెక్స్ హేలీ 1976 నాటి రూట్స్ నవల ఆధారంగా వచ్చిన టీవీ సీరియల్‌లో కుంటా కింటే కొరడా దెబ్బలు తినేది టోబీ అన్న పేరు ఒప్పుకోనందుకే.

మాల్కం లిటిల్ అనే యువకుడు తన ఇంటిపేరు తీసేసి ఎక్స్ పెట్టుకున్నది, తెలియకుండా పోయిన పూర్వీకుల పేరుకు గుర్తుగా. 1964లో హజ్ చేశాక ఆయన ఎల్-హజ్ మలిక్ ఎల్-షబాజ్ అయ్యారు. 1965 ఫిబ్రవరి 21న హత్యకు గురయ్యారు. ఆ తర్వాత పుట్టిన కవల ఆడపిల్లల్లో ఒకరికి తల్లి మలికా అని పేరు పెట్టారు. నల్లజాతి ఆత్మగౌరవ ఉద్యమం సాగిన ఆ దశాబ్దాల్లో అరబ్బీ, స్వాహిలి పేర్లు పెట్టుకోవడం పెరిగింది. అప్పటిదాకా అరుదుగా వినిపించిన మలిక్, 1992లో స్పైక్ లీ తీసిన మాల్కం ఎక్స్ సినిమా వచ్చిన ఆ దశకంలో అమెరికా మగపిల్లలకు బాగా పెట్టుకునే పేర్లలో ఒకటైంది.

ఆ మలిక్ మన మలిక్ అంబర్ నుంచి వెళ్లింది కాదు. అరబ్బీ మాట ఒకటే, దారులు వేరు. ఒకరికి దాన్ని సుల్తాన్ ఇచ్చారు. ఇంకొకరు తానే ఎంచుకున్నారు. తేడా అక్కడే ఉంది. మలిక్ అంబర్ తన జీవితంలో రాజులను ఎంచుకున్నారు, రాజధానులను ఎంచుకున్నారు. తన పేరును ఎంచుకునే అవకాశం మాత్రం ఆయనకు రాలేదు.

అయినా ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. 1617లో, డెబ్బై ఏళ్లకు దగ్గర పడిన వయసులో, శిబిరంలోకి వచ్చిన డచ్ వర్తకుడి చెవిన చాపు అన్న పేరు పడింది. అంటే ఆరు దశాబ్దాల తర్వాత కూడా ఆ పేరు ఆ శిబిరంలో బతికే ఉంది. ఆయన చెబితే తప్ప అది అక్కడ ఎవరికి తెలుస్తుంది?